ఓడ ఖర్చు ఎవరు పెట్టారు?

మా నాయనమ్మ ఎడమ కాలు మోకాలి కింది నుంచి స్తంభంలా ఉండేది. మట్టెవాడలోని మా పాత ఇంట్లో ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటే, ఆ కాలును ఒక పీట మీద పెట్టుకునేది. చీర కుచ్చెళ్లతో దాన్ని కప్పుకోవడమే ఆమెకు జీవితాంతం మిగిలిన పని. బోదకాలుకు మందు లేదనీ, అది రాతలో ఉన్న జబ్బనీ మా వీధిలో నమ్మేవారు. ఆ తర్వాత చాలా ఏళ్లకు ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు మింగించడం చూశాను. ఆ మాత్రను కనుగొన్న బృందానికి నాయకత్వం వహించినవాడు తెలుగువాడని తెలిసిన రోజున నాకు గర్వంతో పాటు ఒక ప్రశ్న కూడా కలిగింది. భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో పెరిగి, చేతిలో చిల్లిగవ్వ లేని ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికా దాకా ఎలా వెళ్లగలిగాడు? ఆయన ఓడ ఖర్చు ఎవరు పెట్టారు?

ఆ ప్రశ్నకు దొరికిన జవాబు మన కుల చరిత్రలో ఎవరూ పెద్దగా తిప్పి చూడని ఒక పుట. ఉన్నత విద్యకు విదేశాలకు వెళ్లాలనుకునే బహుజన విద్యార్థుల గురించి మాట్లాడుకుంటున్న ఈ కాలంలో ఆ పుటను మళ్లీ తెరవవలసిన అవసరం ఉంది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో ఒక నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం వదులుకోవలసి వచ్చింది. ఏడుగురు సంతానమున్న ఆ ఇంట్లో పేదరికం నిజమైనదే. పదమూడేళ్ల వయసులో సుబ్బారావు కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు విడిచి పారిపోయాడు. తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించింది. తండ్రి మరణించాక ఆమె తన ఒంటి మీది బంగారం అమ్మి కొడుకును చదివించింది. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలనుకుంటే తల్లి ఒప్పుకోలేదు. ఆ కోరిక వైద్యం చదివి సేవ చేయాలనే సంకల్పంగా మారింది.

మద్రాసు వైద్య కళాశాలలో చదువు ఖర్చును మిత్రులతో పాటు కస్తూరి సూర్యనారాయణమూర్తి భరించారు. ఆయన కుమార్తె శేషగిరిని 1919లో సుబ్బారావు వివాహమాడారు. అది జాతీయోద్యమ కాలం. విదేశీ వస్త్ర బహిష్కరణ పిలుపును మన్నించి ఆయన ఖద్దరు వస్త్రంతో శస్త్రచికిత్స గదిలోకి వెళ్లారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు అది నచ్చలేదు. ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ పట్టా చేతికి వచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగం దొరకలేదు. మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. ఈలోగా అంతుచిక్కని స్ప్రూ వ్యాధితో ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఉష్ణమండల వ్యాధుల అధ్యయనానికి హార్వర్డ్ వెళ్లాలనే పట్టుదల అక్కడి నుంచే గట్టిపడింది.

ఇక్కడే నా ప్రశ్నకు సమాధానం ఉంది. ఆ ప్రయాణానికి కావలసిన డబ్బు రెండు దారుల నుంచి కూడింది. ఒకటి మామగారు సమకూర్చిన సొమ్ము. రెండవది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సహాయపు హామీ.

ఎవరీ సత్యలింగ నాయకర్? గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగి ప్రాంతంలో పుట్టినవాడు. నీటిని నమ్ముకుని బతికే అగ్నికుల క్షత్రియ సమాజానికి చెందినవాడు. నేటి రిజర్వేషన్ జాబితాలో ఆ కులం బీసీ-ఏ వర్గంలో ఉంది. పంతొమ్మిదవ శతాబ్దంలో కోరంగి, కాకినాడ రేవుల నుంచి వేలాది శ్రామికులు బర్మాకు వలస వెళ్లారు. రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగు కూలీలందరికీ అక్కడ కోరంగీలనే పేరు స్థిరపడిపోయింది. ఆ వలస బాటలోనే రంగూన్ చేరి, ఓడల సరుకు ఎగుమతి దిగుమతుల వ్యాపారంలో పైకెదిగిన సత్యలింగ నాయకర్, గడించిన ఆస్తిని విద్యకూ అన్నదానానికీ రాసిచ్చి 1915లో కన్నుమూశారు. ఆయన పేరున్న విద్యాసంస్థలు కాకినాడలో నేటికీ నడుస్తున్నాయి.

ఈ దృశ్యాన్ని ఒకసారి నిదానంగా చూడాలి. మద్రాసు రాష్ట్రంలో బ్రాహ్మణేతర ఉద్యమం ఉధృతంగా ఉన్న కాలమది. 1916లో జస్టిస్ పార్టీకి పునాది పడింది. 1921లో ఉద్యోగాలలో కులాలవారీ ప్రాతినిధ్యానికి ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. సరిగ్గా ఆ ఏళ్లలోనే, రేవుల్లో చెమటోడ్చిన ఒక వెనుకబడిన కులస్తుడి సంపద ఒక బ్రాహ్మణ యువకుడి విదేశీ చదువుకు హామీగా నిలిచింది. వెనుకబడిన కులాలు ఎప్పుడూ చేయి చాచి అడిగేవేనన్న అపవాదు ఇవాళ కూడా చర్చా వేదికల్లో వినబడుతుంది. ఆ కులాలు ఇచ్చిన చరిత్ర మాత్రం పాఠ్యపుస్తకాలలో చోటు చేసుకోలేదు. సుబ్బారావు పేరు తెలిసిన నా విద్యార్థులలో సత్యలింగ నాయకర్ పేరు విన్నవారిని నేను ఒక్కరినీ చూడలేదు.

అయితే హామీ వేరు, చేతిలో పడే డబ్బు వేరు. 1920ల తొలినాళ్లలో బోస్టన్‌లో అడుగుపెట్టేనాటికి సుబ్బారావు దాదాపు ఖాళీ చేతులతో ఉన్నారు. అక్కడి వైద్య పట్టా లేదు కనుక వైద్యవృత్తి చేసే వీలు లేదు. ఉష్ణమండల వైద్య విభాగాధిపతి రిచర్డ్ స్ట్రాంగ్ ఆదుకున్నారు. పీటర్ బెంట్ బ్రిగామ్ ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడిగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలు కడిగి పొట్టపోసుకున్నారు. 1924లో డిప్లొమా పూర్తయింది.

సుబ్బారావు జీవిత కథ చెప్పేవారు ఈ ఘట్టాన్ని ఆయన వినయానికి, పట్టుదలకు నిదర్శనంగా చెప్పి ముందుకు సాగిపోతారు. నేను అక్కడ ఆగిపోతాను. ఆ పాత్రలే మద్రాసు ఆస్పత్రిలో ఎవరు కడిగేవారు? ఏ కులంలో పుట్టినవారికి ఆ పని వారసత్వంగా వచ్చేది? బోస్టన్‌లో అది గంటల లెక్కన కూలి దొరికే పని. పని ముగించి చేతులు కడుక్కున్న మనిషి తెల్లవారి ప్రయోగశాలలో శాస్త్రవేత్త కాగలిగాడు. మన దేశంలో అదే పని చేసిన మనిషికి చేతులు కడుక్కున్నా ఆ పని వదలదు. ఆయన బిడ్డలకూ వదలదు. శ్రమలో అవమానం లేదనడానికి సుబ్బారావు ఉదాహరణ అయితే, ఆ శ్రమను పుట్టుకకు కట్టేసిన వ్యవస్థ అవమానం ఎంతటిదో కూడా ఆ ఉదాహరణే చెబుతుంది.

అమెరికా మాత్రం స్వర్గమేమీ కాదు. 1923లో భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ, తాను అగ్రకుల ఆర్యుణ్ణి కనుక తెల్లజాతివాడినేననీ, పౌరసత్వం ఇవ్వాలనీ అక్కడి సుప్రీంకోర్టులో వాదించి ఓడిపోయారు. ఇక్కడి కుల గర్వం అక్కడి వర్ణ గోడ ముందు చెల్లని నాణెమైంది. ఆ తీర్పు నీడలోనే సుబ్బారావు తన పరిశోధనా జీవితంలో ఎక్కువ భాగం గడిపారు. హార్వర్డ్‌లో ఓటో ఫోలిన్ విభాగంలో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. ఆ ఇద్దరి పేర్లతోనే అది జీవరసాయన శాస్త్ర పాఠాలలో నిలిచింది. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణాల శక్తి నాణెమనదగ్గ ఏటీపీని వారు వెల్లడించారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా అదే ఏడు ఏటీపీని కనుగొన్నారు. 1930లో సుబ్బారావుకు పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వత ఆచార్య పదవి మాత్రం రాలేదు.

1940లో ఆయన న్యూయార్క్ సమీపంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలకు మారి, తర్వాత అక్కడ పరిశోధనల అధిపతి అయ్యారు. ఆ ఎనిమిదేళ్లలో ఆయన బృందం చేసిన పనిని మా ఊరి ఎంజీఎం ఆస్పత్రి మందుల గదిలో నిలబడి లెక్కపెట్టవచ్చు. గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్‌ను 1945 నాటికి కృత్రిమంగా తయారుచేశారు. ఆ పదార్థపు జాడను మొదట పట్టింది బొంబాయి బట్టల మిల్లుల గర్భిణులలో రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్. మా పద్మశాలి కులం నుంచి ఎన్ని కుటుంబాలు ఆ మిల్లులకు వలసపోయాయో మాకు తెలుసు కనుక, ఈ వైద్య చరిత్ర మాకు పరాయిది కాదు. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ 1947-48లో రక్త క్యాన్సర్ పిల్లలకు తాత్కాలిక ఉపశమనం కలిగించగలిగారు. దాని సోదర ఔషధం మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుకలో ఉంది. పసిఫిక్ యుద్ధరంగంలో సైనికులకు సోకిన ఫైలేరియా కోసం మొదలైన అన్వేషణ 1947 నాటికి హెట్రజాన్‌గా, అంటే మన డీఈసీ మాత్రగా ఫలించింది. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో, యాభైమూడేళ్ల వయసులో, ఆయన నిద్రలోనే మరణించారు.

సుబ్బారావు మళ్లీ స్వదేశానికి రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు. భార్య శేషగిరి పాతికేళ్లు ఎదురుచూపులోనే గడిపింది. ఓడ ఖర్చు లెక్కలో తల్లి అమ్మిన బంగారం, భార్య కోల్పోయిన కాపురం కూడా రాయాలి. పురుషుల ప్రతిభ వెనుక స్త్రీలు కట్టిన ఆ రుసుముకు రశీదు ఉండదు.

సుబ్బారావు బోస్టన్ చేరిన ఆ కాలంలోనే మరో భారతీయుడు లండన్‌లో చదువుతున్నాడు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. తిరిగి వచ్చాక పదేళ్లు సంస్థాన కొలువు చేయాలని ఆయన ఒప్పందం రాసిచ్చారు. గడువు ముగియడంతో 1917లో లండన్ చదువును సగంలో వదిలి రావలసి వచ్చింది. బరోడాలో తల దాచుకోవడానికి గది దొరకలేదు. మళ్లీ సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి, జీతంలో మిగిల్చి, కొల్హాపూర్ సాహూ మహారాజ్ సాయం, పార్సీ మిత్రుడు నావల్ భథేనా అప్పు కలుపుకుని 1920లో లండన్ చేరారు. 1923లో డీఎస్సీ అందుకున్నారు. ఇద్దరూ పేదలే, ఇద్దరూ మేధావులే. అయినా ఒకే తూకం వేయలేం. సుబ్బారావుకు మెట్రిక్ తప్పినా మూడో అవకాశం ఇచ్చే సామాజిక వాతావరణం ఉంది. చదివించగల మామగారు దొరికారు. మఠం తలుపు తెరిచి ఉంది. అంబేద్కర్‌కు ఒక్కసారి తప్పే అవకాశం కూడా లేదు. పేదరికం ఇద్దరికీ ఉన్నది, చుట్టరికం ఒక్కరికే ఉన్నది. కులం అంటే ఆచరణలో ఆ చుట్టరికమే.

ఆ తేడాను అనుభవించినవాడు గనుకనే, 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యాక అంబేద్కర్ షెడ్యూల్డ్ కులాల ఉన్నత విద్యకూ విదేశీ చదువులకూ ప్రభుత్వ నిధి కోసం పట్టుబట్టారు. రాజుల దయగా ఉన్నదాన్ని రాజ్యం బాధ్యతగా మార్చడమే ఆయన చేసిన పని. 1954-55లో కేంద్ర ప్రభుత్వం జాతీయ విదేశీ ఉపకార వేతన పథకాన్ని ప్రారంభించింది.

నా సంగతి కొంచెం చెప్పాలి. దాదాపు ఇరవై ఏళ్ల క్రితం ఒక బ్రిటిష్ విశ్వవిద్యాలయంలో నాకు పరిశోధనకు సీటు వచ్చింది. సహాయం కోసం ఒక సంస్థకు దరఖాస్తు చేశాను. స్థిరాస్తి ఉన్న ఇద్దరు పూచీదారుల సంతకాలు తెమ్మన్నారు. మా వీధిలో అందరికీ మగ్గాలున్నాయి, ఆస్తి పత్రాలు లేవు. గడువు దాటిపోయింది. నేను ఇక్కడే పీహెచ్‌డీ చేశాను, ఇక్కడే ఆచార్యుడినయ్యాను. దానికి చింత లేదు. కానీ నిరుడు మా వాడకే చెందిన ఒక దళిత విద్యార్థిని జర్మనీ విశ్వవిద్యాలయపు ప్రవేశ పత్రం పట్టుకుని నా గదికి వచ్చినప్పుడు, ఇరవై ఏళ్లలో ఏం మారిందని నన్ను నేను అడుక్కోవలసి వచ్చింది.

మారింది ఉంది. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ పేరిట, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట విదేశీ విద్యానిధి పథకాలు ఉన్నాయి. 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. ఇది చిన్న విషయం కాదు. అయితే తొలి విడత 10 లక్షలు ఆ దేశంలో దిగినట్టు ఆధారం చూపాక, మలి విడత మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక ఇచ్చేలా నిబంధనలు రూపొందాయి. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఎక్కువగా ఫీజు ఉండదు. కానీ వీసాకు ముందే ఏడాది జీవన వ్యయం కింద 11,904 యూరోలు ప్రత్యేక ఖాతాలో చూపించాలి. అంటే పది లక్షలకు పైగా సొమ్ము. దిగిన తర్వాత ఇచ్చే డబ్బు, దిగడానికి ముందు కావలసిన డబ్బుకు బదులు కాదు. విమానం ఎక్కడానికి ముందటి ఆ పది లక్షలు ఎవరు సర్దుతారు? సుబ్బారావుకు మామగారు సర్దారు. ఆ అమ్మాయి తండ్రి ఆస్పత్రిలో పారిశుద్ధ్య కార్మికుడు. ధర్మసంస్థ హామీకీ బోస్టన్ ఆకలికీ మధ్య వందేళ్ల క్రితం ఉన్న ఖాళీయే నేడు మంజూరు పత్రానికీ వీసాకూ మధ్య ఉంది.

కేంద్ర పథకం పరిస్థితి ఇంకా ఆందోళన కలిగిస్తుంది. ఎస్సీలు, విముక్త సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తులవారు అందరికీ కలిపి దేశం మొత్తం మీద ఏడాదికి 125 స్థానాలు. 2022లో భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం గురించిన అధ్యయనాలను ఈ పథకం నుంచి తొలగించారు. కులం గురించి విదేశంలో పరిశోధన చేసిన అంబేద్కర్‌కు నేటి నిబంధనల ప్రకారం అర్హత ఉండేది కాదు. 2025లో 106 మందిని ఎంపిక చేసి, నిధుల లభ్యత పేరుతో తొలుత 40 మందికే తాత్కాలిక మంజూరు పత్రాలు ఇచ్చారు. ఎంపికైనవాడికి విశ్వవిద్యాలయం ఇచ్చిన గడువు ఆగదు.

డబ్బుతో సమానమైన మరో లేమి సమాచారం. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీలో చేర్చుకున్నవారికి ఫీజు మాఫీ చేసి, బోధన లేదా పరిశోధన సహాయకుడిగా నెలనెలా భృతి ఇస్తాయి. ఈ సంగతి తెలిసిన ఇంటి పిల్లలు నేరుగా దానికి దరఖాస్తు చేస్తారు. తెలియని ఇంటి పిల్లలు ఇల్లు కుదువ పెట్టి మాస్టర్స్‌కు వెళతారు. కామన్వెల్త్, చీవ్‌నింగ్, ఫుల్‌బ్రైట్-నెహ్రూ, ఎరాస్మస్ ముండస్, డాడ్ వంటి ఉపకార వేతనాల గడువులు చాలావరకు చదువు మొదలవడానికి దాదాపు ఏడాది ముందే ముగుస్తాయి. డిగ్రీ చివరి ఏడాదిలో మొదటిసారి ఆ పేర్లు విన్న విద్యార్థి అప్పటికే ఒక సంవత్సరం వెనుకబడి ఉంటాడు. కన్సల్టెన్సీలు ఈ సంగతులు చెప్పవు, ఎందుకంటే ఉచితంగా చదివే సీటుకు వారికి కమీషన్ రాదు. అగ్రకుల ఇళ్లలో భోజనాల దగ్గర మాటల్లో తెలిసే విషయాలు మా ఇళ్లకు చేరేసరికి గడువు దాటుతుంది.

అందుకే అడగవలసినవి స్పష్టంగా అడగాలి. విదేశీ విద్యానిధి మంజూరు పత్రాన్ని వీసాకు అవసరమైన ఆర్థిక హామీగా మార్చాలి. కనీసం తొలి విడతనైనా ప్రయాణానికి ముందే విద్యార్థి పేరిట జమ చేయాలి. ప్రతి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో, ప్రతి గురుకుల డిగ్రీ కళాశాలలో ఉపకార వేతనాల సలహా కేంద్రం ఉండాలి. దరఖాస్తు రుసుములు, భాషా పరీక్షల రుసుములు కూడా ప్రభుత్వమే భరించాలి. కేంద్ర పథకంలో విషయ నిషేధాన్ని ఎత్తివేసి, ఎంపికైన ప్రతి ఒక్కరికీ నిధులు ఇవ్వాలి.

ప్రభుత్వాన్ని అడిగి ఊరుకుంటే సత్యలింగ నాయకర్ ముందు మనం చిన్నబోతాం. రేవులో ఎదిగిన మనిషి, తన కులం కాని పిల్లలకు కూడా దారి వేశాడు. బహుజన కులాల నుంచి వైద్యులుగా, ఇంజినీర్లుగా, ఆచార్యులుగా స్థిరపడిన మనం మన జీతాల్లో కొంత భాగంతో ఒక ప్రయాణ నిధి పెట్టుకోలేమా? స్థిరాస్తి ఉన్న పూచీదారులుగా సంతకం పెట్టలేమా? ఆ అమ్మాయి కోసం మేము ఆరుగురు అధ్యాపకులం సంతకాలు పెట్టి డబ్బు సర్దాం. మంజూరు సొమ్ము వచ్చాక ఆమె తిరిగి కట్టింది. ఆ సొమ్మును మేము పంచుకోలేదు. వచ్చే ఏడాది వెళ్లే మరొకరి కోసం బ్యాంకులో ఉంచాం.

సుబ్బారావు శతజయంతి వేళ 1995లో తపాలా శాఖ ఆయన బిళ్ల విడుదల చేసింది. ఆయనకు ఆ గౌరవం ముమ్మాటికీ తగినదే. మా నాయనమ్మ కాలికి ఆ మందు ఆలస్యంగా వచ్చింది కానీ, మా వీధి పిల్లల కాళ్లు ఇవాళ నిటారుగా ఉన్నాయి. ఆ మాత్ర మింగిన ప్రతి ఇల్లూ సుబ్బారావుకు రుణపడి ఉంది. సుబ్బారావు ఓడకు హామీ పడిన కోరంగి పల్లెకారుల బిడ్డకూ అంతే రుణపడి ఉంది. మట్టెవాడలో, కొత్తవాడలో, ఈ రాష్ట్రంలోని వాడవాడలో ఎందరు సుబ్బారావులు, ఎందరు అంబేద్కర్లు టికెట్ డబ్బులు లేక ఆగిపోయారో లెక్క తీసినవారు లేరు. ఆ రుణం తీర్చే దారి ఇక ముందు ఒక్కరూ అలా ఆగిపోకుండా చూడడమే.